చంపిందా, చంపుకుందా? బానిసత్వపు కథల్లో శోకం, నేరభావం, మన్నింపు

1856 జనవరి నెలాఖరు. ఆ ఏడు చలికి ఒహాయో నది గడ్డకట్టుకుపోయింది. అటు ఒడ్డున కెంటకీ, బానిసత్వం ఉన్న రాష్ట్రం. ఇటు ఒడ్డున ఒహాయో, అది లేని రాష్ట్రం. మార్గరెట్ గార్నర్ అనే బానిస యువతి భర్తనూ అత్తమామలనూ నలుగురు పిల్లలనూ వెంటబెట్టుకుని రాత్రికి రాత్రి ఆ మంచు మీద నడిచి, సిన్సినాటిలో బంధువుల ఇంటికి చేరింది. అక్కడ కుదురుగా ఊపిరి పీల్చుకోకముందే యజమాని ఆర్చిబాల్డ్ గేన్స్, అతని వెంట మార్షళ్లు వచ్చి ఇల్లు చుట్టుముట్టారు. బయట తలుపు పగలగొడుతుండగా లోపల మార్గరెట్ కత్తి అందుకుని రెండేళ్ల కూతురు మేరీ గొంతు కోసింది. మిగతా పిల్లల మీదికీ వెళ్లింది గానీ ఈలోగా వాళ్లు లోపలికి వచ్చి పట్టుకున్నారు.

ఈ సంగతి తెలుగులో చెప్పబోతే ఒక క్రియాపదం దగ్గర నాకు చెయ్యి ఆగుతుంది. కూతుర్ని చంపింది అని రాయాలా, చంపుకుంది అని రాయాలా? రెండూ ఒకటి కావు. చంపింది అంటే నేరం, అక్కడితో సరి. చంపుకుంది అంటే చంపిన చెయ్యీ, ఖాళీ అయిన ఒడీ ఒకరివే. కోర్టు మొదటి మాట గురించి అడుగుతుంది. కడుపుకోత రెండో మాటలో ఉంది. క్షమించుకోవడం అన్న మాటలో ఉన్నదీ ఆ 'కొను'వే. చేసినవాళ్ల దగ్గరికే తిరిగొచ్చే పనులన్నిటికీ తెలుగు దాన్నే తగిలిస్తుంది. అలా తిరిగి రావాలంటే, వచ్చి చేరడానికి అక్కడ 'తాను' అంటూ ఒకరుండాలి కదా. బానిసత్వం మనిషి దగ్గర్నుంచి లాక్కున్నది దాన్నే. అందుకే ఆ చరిత్ర మీద వచ్చిన మంచి నవలల్లో "నన్ను నేను క్షమించుకోగలనా" అన్న ప్రశ్న చాలా వెనక నుంచి మొదలవుతుంది. అసలు నేను నాదాన్నేనా అన్న దగ్గర్నుంచి.

మార్గరెట్ కేసులో జరిగిన వాదనలోనూ ఈ ముడే ఉంది. 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం లెక్కన ఆమె తప్పిపోయిన సొత్తు. పట్టి యజమానికి అప్పగించాలి, అంతే. ఆ చట్టం కింద విచారణ చేసే కమిషనర్‌కి బానిసను అప్పగిస్తే 10 డాలర్లు, వదిలిపెడితే 5 డాలర్లు ముట్టేవి. ఆమె లాయరు జాన్ జాలిఫ్ మాత్రం ఆమెను హత్యానేరం కింద ఒహాయో కోర్టులో విచారించాలని పట్టుబట్టాడు. తన మనిషి మీద హత్యకేసు నడపమని లాయరే బతిమాలడం మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. హత్య చేసేది మనిషి. సామానూ గొడ్డూ హత్య చేయవు. హంతకురాలని ఒప్పుకుంటే మనిషని ఒప్పుకున్నట్టే. ఆ బిడ్డ కూడా మనిషే, యజమాని ఆస్తిలో చిరిగిన కాగితం కాదు అని ఒప్పుకున్నట్టే. కమిషనర్ ఒప్పుకోలేదు. ఆమెను వెనక్కి పంపేశారు. అక్కణ్ణించి ఇంకా దక్షిణానికి పంపుతుంటే దారిలో స్టీమరు ప్రమాదంలో పడి, చంటిబిడ్డ కూడా నీళ్లపాలైంది. 1858లో మార్గరెట్ టైఫాయిడ్‌తో పోయింది. ఆ తల్లికి బిడ్డే కాదు, చేసిన నేరం కూడా తనదిగా దక్కలేదు.

1867లో ఒక చిత్రకారుడు ఆమె బొమ్మ గీస్తే దానికి 'ఆధునిక మెడియా' అన్న పేరు స్థిరపడింది. గ్రీకు మెడియా మొగుడి మీద కక్షతో పిల్లల్ని చంపింది. ఎంత దూరపు పోలిక! మార్గరెట్‌కి పిల్లల మీద గానీ వాళ్ల తండ్రి మీద గానీ కక్ష లేదు.

వందేళ్ల తర్వాత, 1974లో వచ్చిన 'ది బ్లాక్ బుక్' అనే సంకలనం కోసం పాత కాగితాలు తిరగేస్తున్న ఎడిటర్ టోనీ మోరిసన్‌కి మార్గరెట్ మీద 1856లో వచ్చిన పత్రికా వ్యాసం ఒకటి కనబడింది. అది ఆమె మనసులో పదేళ్లకు పైగా నానింది. 1987లో 'బిలవ్డ్' నవలగా వచ్చింది. మరుసటేడు పులిట్జర్ బహుమతి అందుకుంది. అంకితం పుటలో ఉన్నది ఒక అంకె, బానిస వ్యాపారంలో పోయినవాళ్ల లెక్క: ఆరు కోట్లు, ఆపైన.

మోరిసన్ మార్గరెట్ జీవితచరిత్ర రాయలేదు. కథలో ఒక పెద్ద మార్పు చేసింది. నవలలోని తల్లి సెథ, పిల్లను చంపుకున్నాక వెనక్కి వెళ్లదు. ఆమె ఇక పనికిరాదని యజమాని వదిలేసి పోతాడు. కొన్నాళ్లు జైల్లో ఉండి బయటికొస్తుంది, అదే ఊళ్లో, అదే ఇంట్లో పద్దెనిమిదేళ్లు బతుకుతుంది. అసలు మార్గరెట్‌కి దొరకని కాలాన్ని రచయిత్రి సెథకిచ్చింది. బతకడానికి మాత్రమే కాదు, చేసినదాని పక్కన రోజూ పడుకుని లేవడానికి. కథ తెరుచుకునే ఏడాది 1873. అదే ఏడు మహారాష్ట్రలో జోతిరావు ఫూలే 'గులాంగిరీ' అచ్చువేసి, బానిసత్వం రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. చట్టంలో అది నిజంగానే రద్దయింది. సెథ ఉండే, బ్లూస్టోన్ రోడ్డులో 124 నంబరు ఇంట్లో మాత్రం చచ్చిపోయిన పసిపిల్ల అద్దాలు పగలగొడుతోంది, కేకు మీద చిన్న చేతి ముద్రలు వేస్తోంది.

ఆ పిల్ల సమాధి రాయి దగ్గర కొంచెం ఆగాలి. రాయి మీద పేరు చెక్కించడానికి సెథ దగ్గర డబ్బుల్లేవు. చెక్కేవాడు పది నిమిషాలు ఇస్తే ఊరికే చెక్కుతానన్నాడు. ఆ పది నిమిషాలు ఏమిటో చెప్పనక్కర్లేదు. సమాధి రాళ్ల మధ్య, వాడి కొడుకు చూస్తుండగా, ఆమె అలా చెల్లించింది. ఇంగ్లీషులో ఏడక్షరాలు వచ్చాయి: బిలవ్డ్, ప్రియమైనది. అంత్యక్రియల్లో పాస్టరు అన్న మాటల్లో దాని ముందు ఇంకో మాట కూడా ఉంది. ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఉంటే అదీ చెక్కేవాడేమో, అడగలేకపోయానే అని ఏళ్ల తర్వాత కూడా ఆమె లెక్కేసుకుంటూనే ఉంటుంది. గొంతు కోసినందుకు పడే బాధ కంటే ఒక మాట తక్కువైనందుకు పడే బాధే పైకి తేలుతుంది. ఇంట్లో మనిషి పోయినవాళ్లకి ఇది తెలుసు. పెద్ద దుఃఖం ముట్టుకోనివ్వదు, చిన్నదాన్ని పట్టుకుని ఏడుస్తాం. ఆ చివరిరోజు అడిగిన కాఫీ ఇవ్వలేదే అని.

సెథ ఎక్కడా "తప్పు చేశాను" అనదు. పిల్లల్ని యజమాని చేతికి చిక్కని చోటుకి పంపించానంటుంది. పాత తోటలో ఆమెతో పాటు బానిసగా ఉన్న పాల్ డి ఇది విని తట్టుకోలేక, నీకున్నవి రెండు కాళ్లు, నాలుగు కాదు అంటాడు. పశువువా నువ్వు అని దాని అర్థం. ఆ మాటతో వాళ్లిద్దరి మధ్య అడివి లేస్తుంది. ఇక్కడే చాలామంది పాఠకులు సెథకు పశ్చాత్తాపం లేదనుకుంటారు. నాకలా అనిపించదు. సమర్థించుకోవడం, సంజాయిషీ ఇచ్చుకోవడం, క్షమించుకోవడం మూడూ వేరు. సమర్థించుకునేవాళ్లు జరిగింది తప్పే కాదంటారు. సంజాయిషీ ఇచ్చుకునేవాళ్లు ఎదుటివాళ్ల తీర్పు కోసం చేతులు కట్టుకుని నిలబడతారు. క్షమించుకోవాలంటే తప్పు ఉందని ఒప్పుకోవాలి, ఆ తప్పు కన్నా తాను పెద్ద అని కూడా నమ్మాలి. సెథకు మొదటి రెండూ వచ్చు. మూడోది ఆమెకు ఎవరూ నేర్పలేదు.

బిలవ్డ్ అన్న పేరుతోనే ఒక యువతి నీళ్లలోంచి నడిచి వచ్చి ఇంట్లో చేరాక ఇది కళ్లకు కడుతుంది. తన బిడ్డే తిరిగొచ్చిందని సెథ గుర్తుపట్టిన రోజు నుంచి ఆమెకు వేరే పని లేదు. ఎందుకు చేశానో చెప్పడం, మళ్లీ చెప్పడం. ఉద్యోగం పోతుంది, దాచిన డబ్బులు అయిపోతాయి. మంచి ముద్దలు ఆ పిల్లకి, అడుగూ బొడుగూ తనకి. పిల్ల ఒళ్లు చేస్తుంది, తల్లి ఎండిపోతుంది. పక్కనుండి చూసే రెండో కూతురు డెన్వర్‌కి ఒక సంగతి అర్థమవుతుంది: అమ్మకి నిజంగా క్షమాపణ అక్కర్లేదు, అది నిరాకరించబడటమే కావాలి. ఆ పిల్ల అందుకు సాయపడుతోంది. అపరాధభావం గురించి ఇంతకంటే నిజం నేనెక్కడా చదవలేదు. శిక్ష ఆగిపోతే బిడ్డతో ఉన్న చివరి సంబంధం కూడా తెగిపోతుందని భయం. తప్పును తిండి పెట్టి పెంచుకుంటాం, అది ఒక్కటే మిగిలింది కాబట్టి.

మరి అసలు నేరస్తులు? నవలలో 'స్కూల్ టీచర్' అని పిలిచే యజమాని ఉంటాడు. చదువుకున్నవాడు, నోటు పుస్తకం ఉన్నవాడు. ఒకరోజు తన మేనల్లుళ్లకు పాఠం చెబుతూ సెథలో మనిషి లక్షణాలు ఒక పక్క, జంతు లక్షణాలు ఇంకో పక్క రాయమంటాడు. ఆమె చెవిన పడుతుంది. వాళ్లు రాస్తున్న ఆ సిరా తయారుచేసింది సెథే. తర్వాత ఆ మేనల్లుళ్లే ఆమెను పట్టుకుని చంటిపిల్ల కోసం ఉన్న పాలు పిండేశారు. పైన అటక మీద ఇరుక్కుపోయి అది చూసిన భర్త హాలీకి మతి పోయింది. కొట్టంలో రక్తం మడుగు చూసినప్పుడు స్కూల్ టీచర్ మనసులో నడిచేది నష్టం లెక్క. ఎక్కువ కొడితే గుర్రమైనా కుక్కయినా చెడిపోతుంది కదా, మేనల్లుడు అతి చేశాడు అని. నిద్ర పట్టని రాత్రులు అతనికి లేవు. పాపం ఒకరిది, పాపభీతి ఇంకొకరిది అయిపోవడమే ఈ చరిత్ర మిగిల్చిన అన్యాయాల్లో లోతైనదని నాకనిపిస్తుంది.

అలాగని సెథ నిర్దోషి అని మోరిసన్ కొట్టిపారేయలేదు. చేయాల్సిన పనే, కానీ చేసే హక్కు ఆమెకు లేదు అన్న అర్థంలో మాట్లాడింది. నవలలో అత్తగారు బేబీ సగ్స్ కోడలు చేసింది ఒప్పనలేకపోయింది, తప్పనలేకపోయింది. ఆ రెంటి మధ్యే నలిగిపోయి మంచం పట్టి, రంగులు చూసుకుంటూ పోయింది.

బేబీ సగ్స్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మన్నింపు పాఠం ఆమె దగ్గరుంది. ఆమెకు ఎనిమిదిమంది పిల్లలు. హాలీ తప్ప అందరూ ఒక్కొక్కరే చేతిలోంచి పోయారు. పెద్దకూతురి గురించి ఆమెకు గుర్తున్నది ఒక్కటే, రొట్టె అడుగున మాడిన ముక్కంటే ఆ పిల్లకి ఇష్టం. ఎనిమిది కాన్పుల్లో తల్లికి మిగిలిన జ్ఞాపకం అంత. కొడుకు హాలీ ఐదేళ్ల ఆదివారాలు కూలికి పోయి తల్లి విడుదల కొన్నాడు. కొడుకు తల్లిని కొనడం! మన 'కొను'కి సంతలో ఉన్న అర్థం కూడా ఇక్కడ గుర్తొస్తుంది. ఇంత ముసలితనంలో స్వేచ్ఛ ఏం చేసుకోవడానికి అనుకుంటూనే నది దాటుతుంది. దాటాక హఠాత్తుగా తన చేతులు చూసుకుంటుంది. ఈ చేతులు నావి, అనుకుంటుంది. తర్వాత గుండె కొట్టుకోవడం వినిపిస్తుంది. ఇది ఎప్పట్నుంచీ ఇక్కడే ఉందా అని నవ్వొస్తుంది. బండిలో ఉన్న యజమాని ఎందుకు నవ్వుతున్నావంటాడు.

ఆ తర్వాత ఆమె అడివిలో చెట్ల మధ్య ఖాళీ జాగాలో జనాన్ని పోగేసి మాట్లాడుతుంది. పాపాలు కడుక్కోండి అని చెప్పదు. మీ చేతుల్ని ప్రేమించండి, మెడని నిమురుకోండి, గుండెని ప్రేమించండి, అవతలివాళ్లు వాటిని ప్రేమించరు అంటుంది. పిల్లలు నవ్వుతారు, మగవాళ్లు ఆడతారు, ఆడవాళ్లు ఏడుస్తారు. కాసేపటికి ఆడవాళ్లు ఆడతారు, మగవాళ్లు ఏడుస్తారు. క్షమించుకోవడానికి ముందు జరగాల్సిన పని ఇది. తప్పు చేసిన చెయ్యి ముందు తనదని తెలియాలి.

ఊరిదీ తప్పుంది. సెథ పారిపోయి వచ్చిన ఇరవై ఎనిమిదో రోజుకి, అంటే బిడ్డను చంపుకున్న రోజుకి, కాస్త ముందు, స్టాంప్ పెయిడ్ అనే ముసలాయన రెండు బకెట్ల బ్లాక్‌బెర్రీలు తెస్తే, దాంతో మొదలైన వంట తొంభైమంది తిన్న విందయింది. తెల్లారి జనానికి కడుపు మండింది. ఈ బేబీ సగ్స్‌కి ఇంత ఎక్కడిది అని. సెథని పట్టుకోవడానికి గుర్రాల మీద నలుగురు వస్తుంటే చూసినవాళ్లు పరుగెత్తుకొచ్చి చెప్పలేదు. ఎవరూ ఏమీ చేయలేదు, అంతే తప్పు. పద్దెనిమిదేళ్లు ఆ ఇంటి గడప తొక్కకుండా సెథని వెలివేసినట్టు చూడటంలో, ఆమె మీద కోపం ఎంతో, తమ మీద సిగ్గూ అంతే ఉంది.

చావింట్లో పొయ్యి వెలిగించకపోతే ఇరుగుపొరుగు వండి తేవడం మనకు తెలిసినదే. సిన్సినాటిలో ఆ అన్నం పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఆకలికి తాళలేక డెన్వర్ గడప దాటి పాత టీచరమ్మ ఇంటికి పోయి అడుగుతుంది. రెండ్రోజులకి వాకిట్లో చెట్టు మొద్దు మీద తెల్ల చిక్కుళ్ల సంచి. ఇంకోసారి పళ్లెంలో చల్లారిన కుందేలు మాంసం. ఒక పొద్దున గుడ్ల బుట్ట. అందులోంచి కాగితం ముక్క ఎగిరి పడుతుంది, వంకరటింకర పెద్ద అక్షరాలతో ఒకావిడ పేరు, వెనక పిండి బంక. గిన్నె తిరిగివ్వాలిగా. అలా పళ్లేలు తిరిగివ్వడానికి వెళ్లిన ప్రతి గుమ్మంలో ఎవరో ఒకరు మీ నాయనమ్మ నాకు తెలుసు అంటారు. ఎవరూ క్షమాపణ అడగరు. చిక్కుళ్లు, గుడ్లు, అంతే.

చివరికి ముప్ఫైమంది ఆడవాళ్లను సెథ ఇంటి ముందుకు తీసుకొచ్చేది ఎల్లా అనే ఆవిడ. సెథని అందరికంటే ఎక్కువగా దూరం పెట్టింది కూడా ఆమే. ఎల్లా ఒకప్పుడు తండ్రీకొడుకుల చెరలో ఏడాదికి పైగా ఉంది. వాళ్ల వల్ల పుట్టిన బిడ్డకు పాలివ్వలేదు. ఆ బిడ్డ ఐదు రోజులు, నోరు తెరవకుండా బతికింది. సెథ ఇంట్లో చచ్చిన పిల్ల తల్లిని కొడుతోందని విన్నప్పుడు ఎల్లాకి తన బిడ్డ కూడా అలా తిరిగొస్తే అన్న ఆలోచన వస్తుంది. నిన్నటి తప్పు నేటి ఇంట్లోకొచ్చి పెత్తనం చేయడం కుదరదు, అంతే ఆమె లెక్క. చంపింది తప్పు కాదని ఆమె అనదు. దానికి ఈ శిక్ష ఉండకూడదంటుంది. తీర్పు వేరు, చెర వేరు.

ఆడవాళ్లు పాడుతుండగా ఒక తెల్ల పెద్దమనిషి బండి ఇంటి ముందుకొస్తుంది. సెథకి మళ్లీ స్కూల్ టీచరే వస్తున్నట్టు కనిపిస్తుంది. చేతిలో ఉన్న మంచు పగలగొట్టే మేకుతో పరుగెడుతుంది, ఈసారి బిడ్డ మీదికి కాదు, అతని మీదికి. అతను శత్రువు కాదు. ఒకప్పుడు ఆమెను ఉరి నుంచి తప్పించినవాళ్లలో ఉన్నవాడు. అయినా చెయ్యి దిశ మారింది. జనం ఆపారు. పద్దెనిమిదేళ్ల క్రితం రావాల్సిన జనం ఇప్పుడొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నారు.

తర్వాత బిలవ్డ్ కనబడదు. సెథ అత్తగారి మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకుంటుంది. పాల్ డి వచ్చి ఒళ్లు కడుగుతానంటాడు. కాళ్లు లెక్కపెడతావా అని అడుగుతుంది. పాత గాయం అలాగే ఉంది. కాళ్లు రుద్దుతా అంటాడు. నా దగ్గరున్న మేలైనది పోయింది అంటుంది సెథ, కూతుర్ని తలచుకుని. నీకున్న మేలైనది నువ్వే అంటాడతను. "నేనా? నేను?" అని ఆమె. మోరిసన్ ఆ ప్రశ్నకు జవాబివ్వదు. క్షమించుకుందనీ రాయదు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆ 'నేను' అన్న మాట బయటికి రావడం వరకే తీసుకొచ్చి ఆపింది. నిజాయితీ ఉన్న రచయిత ఆగాల్సిన చోటు అదేనని నాకు నమ్మకం.

స్టాంప్ పెయిడ్ పేరులో ఇంకో దారి ఉంది. అతని అసలు పేరు జాషువా. యజమాని కొడుకు అతని భార్య వాష్టీని పిలిపించుకుంటుంటే, చంపకుండా చావకుండా దాదాపు ఏడాది ఓర్చుకున్నాడు. ఆమె తిరిగొచ్చిన రాత్రి ఆ మెడ విరిచేద్దామనిపించింది. విరవలేదు. పేరు మార్చుకున్నాడు. ఇక ఎవరికీ ఏమీ బాకీ లేను, ముద్ర పడింది, చెల్లయిపోయింది అని. ఆపైన ఒహాయో మీద పారిపోయినవాళ్లను పడవలో దాటించడమే అతని బతుకు. అయినా వాష్టీకి జరిగినదానికి అతను బాకీ తీర్చాడా? నవల అడగదు, నేను మాత్రం అడుగుతుంటాను. మగవాడి రుణం చెల్లించడానికి వాడిన నాణెం ఆమె ఒళ్లు.

ఇవన్నీ దెబ్బ తిన్నవాళ్ల కథలు. అమ్మినవాళ్ల వారసుల సంగతి? ఘనాలో పుట్టి అమెరికాలోని అలబామాలో పెరిగిన యా జ్యాసీ 2016లో రాసిన 'హోమ్‌గోయింగ్' అటు తిరిగి చూస్తుంది. కేప్ కోస్ట్ కోటలో పైన గదిలో తెల్ల గవర్నరుని పెళ్లాడిన ఎఫియా, కింద చీకటికొట్లో మనుషుల మీద మనుషులు పడి ఉన్నచోట ఎసి. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే, ఒకరికొకరు తెలియదు. పై వంశం బానిస వ్యాపారంలో తినింది. ఆ వంశంలో కొన్ని తరాల తర్వాత అకువా అనే ఆమెకు కలలో నిప్పు మనిషి కనిపిస్తుంది. నిద్రలో తన గుడిసెకే నిప్పంటిస్తుంది. కూతుళ్లిద్దరూ కాలిపోతారు. కొడుకు యావ్ ముఖమంతా మచ్చతో బతుకుతాడు. ఊరు ఆమెను పిచ్చిది అంటుంది.

సెథకి తెలుసు తానేం చేసిందో. అకువా నిద్రలో చేసింది. అందుకే ఆమె నేరభావం ఇంకో రకం. తన చేతులు తనకు తెలియకుండా ఎవరి పాపాన్ని మోశాయో అని జీవితమంతా వెతుకుతుంది. కొడుకు ఎన్నో ఏళ్ల తర్వాత చూడ్డానికొస్తే, ఆమె తన వంశంలో ఉన్నదాన్ని దాచకుండా చెబుతుంది. తప్పు చేయడం వల వేసినట్టు, జాలరి కావలసిన ఒకటి రెండు చేపలు ఉంచుకుని మిగతావి నీళ్లలో వదిలేసి వాటి బతుకు మామూలైపోయిందనుకుంటాడు, కానీ వలలో పడ్డ సంగతి ఏ చేపా మర్చిపోదు అంటుంది. అంటూనే, అయినా నువ్వు నిన్ను విడిపించుకోవాలి అంటుంది. 'విడిపించుకో', మళ్లీ ఆ 'కొను'వే. నిజం చెప్పాకే ఆ మాట అనే అర్హత వచ్చింది ఆమెకు. ముందు అని ఉంటే తప్పించుకోవడం అయ్యేది.

ఆక్టేవియా బట్లర్ 1979 నవల 'కిండ్రెడ్'లో ఇంకా ఇరుకైన మూల ఉంది. 1976లో కాలిఫోర్నియాలో ఉన్న డేనా కాలంలో వెనక్కి పడిపోయి, బానిస యజమాని అయిన తన ముత్తాతల్లో ఒకణ్ణి బతికించుకోవాలి, లేకపోతే తాను పుట్టదు. అందుకోసం ఇంకో స్త్రీ మీద జరిగే అత్యాచారానికి తానే వార్తాహరి అవుతుంది. తన ఉనికే ఒక నేరం మీద నిలబడ్డవాళ్లు ఏం చేయాలి? ఆమె ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఎడమ చెయ్యి గోడలో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. బట్లర్ అంతకంటే వివరణ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

'బిలవ్డ్' వచ్చిన కొత్తలో మోరిసన్ ఒక మాట అంది. బానిసలుగా తెచ్చినవాళ్లను తలచుకోవడానికి ఈ దేశంలో ఒక గోడ గానీ, పార్కు గానీ, దారి పక్క చిన్న బెంచీ గానీ లేదు, అందుకే ఈ పుస్తకం ఉండాల్సి వచ్చింది అని. ఆ మాట పట్టుకుని ఆమె పేరుతో ఉన్న సాహిత్య సంఘం 2008లో మొదటి బెంచీ వేయించింది. సౌత్ కరోలినాలో సలివాన్స్ ద్వీపం మీద, ఓడల్లోంచి దింపిన ఆఫ్రికన్లను ఊళ్లోకి తీసుకెళ్లేముందు క్వారంటైన్‌లో పెట్టిన చోట. నల్ల బెంచీ, ఎదురుగా నీళ్లు. మోరిసన్ కూడా వెళ్లి దాని మీద కూర్చుంది.